తిన్నింటి వాసాలు లెక్కపెట్టే పదవి

వినాయకచవితి మర్నాడు మా చిన్న బాబాయ్ తణుకు నుంచి ఫోన్ చేశాడు. ఆయనకు షేర్లున్న ఒక కంపెనీ నుంచి ఈ-ఓటింగ్ మెయిల్ వచ్చిందట. అలాంటివి ఎప్పుడూ తెరవడు. పండక్కి వచ్చిన మనవడు పక్కన కూర్చుని చదివి వినిపించాడట.

“ఏమ్మా, నువ్వు ఈ పనిలోనే ఉన్నావుగా. ఒకాయన్ని ఇండిపెండెంట్ డైరెక్టరుగా ఇంకో అయిదేళ్లు ఉంచాలా వద్దా చెప్పమని నన్ను అడుగుతున్నారు. ఇండిపెండెంట్ అంటే ఎవరి దగ్గర్నించి? అసలు ఆయన్ని ఎవరు తెచ్చారు?”

“కంపెనీ వాళ్లే, బాబాయ్.”

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, “వాళ్లు పిలిచి కుర్చీ వేసినాయన వాళ్లనే నిలదీస్తాడంటావా?” అన్నాడు.

ఇరిగేషన్‌లో ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి. కాంట్రాక్టరు తెప్పించిన కాఫీ తాగి, ఆ తర్వాత ఎంబుక్కులో, అంటే చేసిన పని కొలతలు ఎక్కించే పుస్తకంలో, కొలతలు ఉన్నవి ఉన్నట్టు రాయడం ఎంత కష్టమో ఆయనకు అనుభవం. ఆ ప్రశ్న అక్కడి నుంచి వచ్చింది. నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. అప్పట్నుంచీ అదే ఆలోచిస్తున్నాను.

పదిహేడేళ్లుగా నేను కంపెనీ సెక్రటరీని. బోర్డు మీటింగులో బల్ల చివర కూర్చుని ఎవరేమన్నారో రాసుకునే మనిషిని. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అని మనకో మాట ఉంది. ద్రోహానికి వాడతాం. కంపెనీతో చుట్టరికమూ వ్యాపార సంబంధమూ లేకుండా బోర్డులో కూర్చునే ఇండిపెండెంట్ డైరెక్టరు చెయ్యాల్సిన పని అచ్చంగా అదే. కంపెనీ పిలుస్తుంది, కంపెనీ ఫీజు ఇస్తుంది, కంపెనీ భోజనం పెడుతుంది. ఆ ఇంట్లోనే కూర్చుని, తలెత్తి చూసి, వాసాలు ఎన్నున్నాయో, పుచ్చినవి ఎన్నో చెప్పాలి. చట్టం ఆయన్ని అడుగుతున్నది ఇదే. మన పెంపకం మాత్రం అది తప్పని నేర్పింది. బోర్డు రూముల్లో నేను చూసిన మౌనాల్లో లంచం వల్ల వచ్చినవి నాకు తెలిసి లేవు. భయం వల్ల వచ్చినవి కొన్ని. ఎక్కువ భాగం మొహమాటం వల్ల వచ్చినవి.

పక్క గోడౌను అద్దె

కొన్నేళ్ల కిందట నేను పనిచేసిన ఒక కంపెనీలో, బోర్డు తరఫున లెక్కలు చూసే ఆడిట్ కమిటీకి ఛైర్మన్‌గా ఒక రిటైర్డ్ బ్యాంకు అధికారి ఉండేవారు. సన్నగా, నెమ్మదిగా మాట్లాడే మనిషి. కంపెనీ వాడుకునే గోడౌను ఒకటి, కంపెనీ పెట్టి నడిపే ప్రమోటరు గారి భార్య పేరు మీద ఉంది. సొంతవాళ్లతో కంపెనీ చేసే లావాదేవీ, అంటే రిలేటెడ్ పార్టీ లావాదేవీ కాబట్టి అద్దె పెంచిన ప్రతిసారీ కాగితం ఆడిట్ కమిటీ ముందుకు వచ్చేది. దానికి జతగా, అద్దె మార్కెట్ రేటుకు తగ్గట్టే ఉందని ఒక వాల్యుయర్ ఇచ్చిన ఉత్తరం. ఆ వాల్యుయర్‌ని పెట్టుకున్నదీ, ఫీజిచ్చిందీ కంపెనీయే. ఆ ఏడాది పెంపు పద్దెనిమిది శాతం.

ఆయన కాగితం చదివి, “దీన్ని భోజనాల తర్వాత చూద్దాం” అని పక్కన పెట్టారు. ఆ రోజు మీటింగు నాచారం ఫ్యాక్టరీలో. భోజనాల దగ్గర ఆయన కనిపించలేదు. ముప్పావుగంట తర్వాత చెమటలు తుడుచుకుంటూ వచ్చారు. ఎండలో రోడ్డు దాటి వెళ్లి, టు-లెట్ బోర్డు వేలాడుతున్న పక్క గోడౌను వాచ్‌మన్‌ని పలకరించి, ఓనరుతో ఫోన్లో మాట్లాడి వచ్చారు. చేతిలో ఒక చీటీ, దాని మీద చదరపు అడుగు అద్దె. మేం కడుతున్నది అప్పటికే దానికి ఒకటిన్నర రెట్లు ఉంది.

“ఈ వీధిలోనే ఇంకో రెండు కనుక్కుందాం. అప్పటిదాకా ఇది వాయిదా” అన్నారు. అంతే. గొంతు పెంచలేదు, ఎవరినీ ఒక మాట అనలేదు. తర్వాతి మీటింగుకి ఆ పెంపు ప్రతిపాదనే రాలేదు.

కంపెనీకి ఏడాదికి మిగిలింది కొన్ని లక్షలు. ఆ కంపెనీ టర్నోవరులో అది లెక్కలోకి రాదు. అయితే ఆ తర్వాత ఒక మార్పు వచ్చింది, బల్ల చివర కూర్చునే నాలాంటి వాళ్లకు తప్ప బయటికి కనిపించనిది. అకౌంట్స్ నుంచి వచ్చే రిలేటెడ్ పార్టీ కాగితాలన్నీ మూడేసి కొటేషన్లతో రావడం మొదలైంది. ప్రమోటరు బంధువుల ట్రాన్స్‌పోర్టు కంపెనీకి ఇవ్వాలనుకున్న అడ్వాన్సు ఒకటి బోర్డు దాకా రాకుండానే ఆగిపోయింది. “ఆయన అడుగుతారు” అని కింద సెక్షన్లో అనుకోవడం విన్నాను. అడిగే మనిషి ఒకరు పైన ఉన్నారని తెలిస్తే కాగితం తయారుచేసే చెయ్యే మారిపోతుంది. కంపెనీ డబ్బు మీద ఇండిపెండెంట్ డైరెక్టరు ప్రభావం ఏమిటని ఎవరైనా అడిగితే నాకు ముందు గుర్తొచ్చేది ఆ చీటీ. జరగని ఖర్చుకు లెడ్జరులో పద్దు ఉండదు కనుక ఆ మేలు ఏ బ్యాలెన్స్ షీటులోనూ దొరకదు.

ఆ మీటింగు మినిట్స్ రాసేటప్పుడు నాకు పైనుంచి ఫోను వచ్చింది. “తగిన చర్చ అనంతరం వాయిదా వేయడమైనది” అని రాస్తే సరిపోతుందన్నారు. అలాగే రాశాను. డ్రాఫ్టు డైరెక్టర్లకు పంపితే ఆయన దగ్గర్నించి వెనక్కి వచ్చింది. మార్జిన్‌లో పెన్సిలుతో, “నేనేం అడిగానో రాయండమ్మా. జవాబు లేకపోయినా పర్లేదు, ప్రశ్న ఉండాలి.” సిగ్గుతో తల వంచుకుని సరిచేశాను. మొదట ఆ “తగిన చర్చ” వాక్యం రాయకుండా ఉండాల్సిందని ఇప్పటికీ అనిపిస్తుంది.

మొదటి అయిదేళ్ల గడువు అయ్యాక ఆయన పేరును మళ్లీ ప్రతిపాదించలేదు. బోర్డుకు కొత్త నైపుణ్యాలు కావాలన్నారు. చట్టప్రకారం అందులో తప్పు పట్టేది ఏమీ లేదు. ఆ స్థానంలో చాలా పేరున్న మనిషి వచ్చారు. నేనక్కడ ఉన్న తర్వాతి మూడేళ్లలో ఆయన అడిగిన ప్రశ్న ఒక్కటి కూడా నా నోట్సులో లేదు.

డిసెంబరు 16 బోర్డు, జనవరి 11 బోర్డు

హైదరాబాదు సాఫ్ట్‌వేర్ కంపెనీ సత్యం కంప్యూటర్స్‌లో లెక్కల మోసం బయటపడ్డ కథ మళ్లీ మొదట్నించీ చెప్పను. మనలో చాలామందికి ఉద్యోగం రూపంలోనో షేర్ల రూపంలోనో అది ఇంటి సంగతే. బాబాయ్ దగ్గర 170 షేర్లుండేవి, “మన పశ్చిమగోదావరి వాళ్ల కంపెనీ” అని కొన్నవి. 2009 జనవరి 7, బుధవారం నాడు 179 రూపాయల దగ్గరున్న షేరు సాయంత్రానికి 40కి వచ్చింది. ఆయన అమ్మలేదు. 2013లో టెక్ మహీంద్రాలో కలిపేసినప్పుడు 17కి 2 చొప్పున 20 షేర్లు చేతికొచ్చాయి. 2015లో బోనసు, విభజన అయ్యాక అవి 80 అయ్యాయి. ఆ కాగితాలన్నీ ఇప్పటికీ ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టుకున్నాడు.

నేను చూడమనేది ఆ కంపెనీలో ఇరవై ఆరు రోజుల తేడాతో కూర్చున్న రెండు బోర్డులను.

మొదటిది 2008 డిసెంబరు 16 నాటిది. తొమ్మిది మంది. రాజు సోదరులిద్దరు (ఛైర్మన్ రామలింగరాజు, ఆయన తమ్ముడు), కంపెనీ ఉద్యోగి రామ్ మైనంపాటి పోగా ఆరుగురు బయటివాళ్లు. కేంద్రంలో కేబినెట్ కార్యదర్శిగా చేసిన టి.ఆర్. ప్రసాద్, హైదరాబాదు బిజినెస్ స్కూలు ఐఎస్‌బీ డీన్ ఎం. రామ్మోహనరావు, ఐఐటీ ఢిల్లీ డైరెక్టరుగా చేసిన వి.ఎస్. రాజు, పెంటియం చిప్పుతో పేరు తెచ్చుకున్న వినోద్ ధామ్, మంగళం శ్రీనివాసన్, హార్వర్డ్ ఆచార్యులు కృష్ణ పాలెపు. పాలెపు కన్సల్టెన్సీ ఫీజు కూడా తీసుకునేవారు కనుక లెక్కప్రకారం ఇండిపెండెంట్ కిందికి రారు. మిగతా అయిదుగురూ వస్తారు. కాగితం మీద ఇంతకన్నా గొప్ప బోర్డును కూర్చడం కష్టం. కార్పొరేట్ గవర్నెన్స్‌కి, అంటే కంపెనీని పద్ధతిగా నడిపినందుకు, గోల్డెన్ పీకాక్ అవార్డు ఆ ఏడాదే ఇచ్చారు, తర్వాత వెనక్కి తీసుకున్నారు.

ఆ రోజు వాళ్ల ముందుకు వచ్చిన ప్రతిపాదన: రాజు కుటుంబానికి చెందిన మేటాస్ ప్రాపర్టీస్‌ని పూర్తిగా, మేటాస్ ఇన్‌ఫ్రాలో 51 శాతాన్ని, రెండూ కలిపి 160 కోట్ల డాలర్లకు సత్యం కొనడం. సాఫ్ట్‌వేర్ కంపెనీ సొమ్ముతో ఛైర్మన్ కొడుకులు నడిపే రియల్ ఎస్టేట్, నిర్మాణ వ్యాపారాలు కొంటున్నారు. డైరెక్టర్లు సందేహాలు అడక్కపోలేదు. సంబంధం లేని వ్యాపారంలోకి దిగడం గురించి, విలువ కట్టిన తీరు గురించి అడిగారు. అడిగి, ఏకగ్రీవంగా సరేనన్నారు. న్యూయార్క్‌లో సత్యం ఏడీఆర్, అంటే అక్కడి మార్కెట్లో సత్యం షేరుకు బదులుగా అమ్ముడయ్యే పత్రం, సగానికి పైగా పడిపోయింది. కొన్ని గంటల్లోనే కంపెనీ వెనక్కి తగ్గింది. బోర్డు ఆపలేనిదాన్ని పెట్టుబడిదారులు ఒక్క రాత్రిలో ఆపారు.

ప్రమోటరు చేతిలో యాభై అరవై శాతం షేర్లుంటే ఇండిపెండెంట్ డైరెక్టరు మాత్రం ఏం చెయ్యగలడు అని తరచూ వింటాం. చాలా కంపెనీల్లో అది నిజమే. సత్యం విషయంలో ఆ మాట చెల్లదు. రాజు కుటుంబం వాటా 9 శాతం కూడా లేదు. బోర్డులో బయటివాళ్లదే మెజారిటీ. కాదనే అధికారం పూర్తిగా వాళ్ల చేతుల్లో ఉంది.

మోసం ఒప్పుకుంటూ రామలింగరాజు జనవరి 7న రాసిన ఉత్తరం ప్రకారం 2008 సెప్టెంబరు ఆఖరుకి పుస్తకాల్లో ఉన్న నగదు, బ్యాంకు నిల్వలు 5,361 కోట్లు. అందులో 5,040 కోట్లు అసలు లేవు. బోర్డు సభ్యులెవరికీ ఈ సంగతి తెలియదని రాజు అదే ఉత్తరంలో రాశారు. నేను నమ్ముతాను. 2015 ఏప్రిల్లో హైదరాబాదు ప్రత్యేక కోర్టు దోషులన్న పదిమందిలో వాళ్లెవరూ లేరు. నాకు నిద్రపట్టనివ్వనిది ఆ “తెలియదు”. తెలియకపోవడం ఎలా సాధ్యమైంది?

అయిదు వేల కోట్లు బ్యాంకులో ఊరికే పెట్టుకున్న కంపెనీని మా బాబాయ్ అయితే ఏమడుగుతాడో నాకు తెలుసు. ఏ బ్యాంకు? ఎంత వడ్డీ? ఎఫ్‌డీ రసీదు చూపించు. ఇంట్లో ముసలివాళ్లు అడిగే ప్రశ్నలే. బ్యాంకు నుంచి నిర్ధారణ ఉత్తరం నేరుగా తెప్పించుకుంటే ఒక్క వారంలో తేలేది. ఆ పని ఆడిటర్లది అని డైరెక్టర్లు అనుకున్నారు, అది సబబే. కానీ ఆ నిర్ధారణలు తెప్పించే పనిని ఆడిటర్లు కంపెనీ యాజమాన్యానికే వదిలేశారని అమెరికా షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ 2011లో తేల్చింది. ఇక కంపెనీ లోపలి ఆడిట్ అధిపతి, శిక్షపడ్డ పదిమందిలో ఒకరు. ఆడిట్ కమిటీకి నిజం చేరాల్సిన దారులు రెండే, రెండూ మూసుకుపోయాయి. ఎవరి మీద కన్నేసి ఉంచాలో వాళ్ల చేతుల మీదుగానే ప్రతి కాగితమూ వచ్చింది. మూడో దారి తామే వేసుకోవాలని ఆ పెద్దలకు తోచలేదో, తోచినా మొహమాటపడ్డారో చెప్పలేను.

రెండో బోర్డు సంగతి. ప్రభుత్వం పాత బోర్డును పక్కనపెట్టి జనవరి 11, ఆదివారం నాడు దీపక్ పరేఖ్, కిరణ్ కార్నిక్, సి. అచ్యుతన్‌లను వేసింది. తర్వాత తరుణ్ దాస్, టి.ఎన్. మనోహరన్, ఎస్.బి. మైనాక్ చేరారు. వీళ్లూ పెద్ద పేర్లే, వీళ్లూ బయటివాళ్లే. నమ్మదగిన లెక్క ఒక్కటీ లేని కంపెనీ, యాభై వేల మంది ఉద్యోగులు, నెలాఖరుకు జీతాలు. వాళ్లు కొత్త ఆడిటర్లను తెచ్చి లెక్కలు తవ్వించారు. బ్యాంకులతో తామే మాట్లాడి అప్పు తెచ్చి జీతాలు ఇప్పించారు. ఏప్రిల్ 13న, మాజీ ప్రధాన న్యాయమూర్తి ఎస్.పి. భరూచా పర్యవేక్షణలో జరిగిన వేలంలో టెక్ మహీంద్రా షేరుకు 58 రూపాయలిచ్చి కంపెనీని తీసుకుంది. మొత్తం 92 రోజులు.

రెండు బోర్డుల్లోనూ మనుషుల స్థాయి ఒకటే. తెలివికి కొరత లేదు. నిజాయితీలో తేడా ఉందనడానికి నా దగ్గర ఆధారం లేదు, అననూ అనను. రెండో బోర్డు ఎవరింటికీ అతిథిగా రాలేదు. ఏ బీరువా తాళం చెవి అడగడానికైనా ఎవరి మొహమూ చూడక్కర్లేదు. నా ఆలోచన ఇక్కడికొచ్చి నిలబడింది: కుర్చీలోకి ఎవరు తెచ్చారు, చేతిలోకి కాగితం ఎవరి ద్వారా వస్తోంది, ఈ రెండూ తేలకుండా మనిషి ఎంత గొప్పవాడో చూసి ఎంచుకుంటే లాభం లేదు.

నా పాత బాస్ ఒకాయనతో ఈ మాటంటే ఒప్పుకోలేదు. “ఇల్లు తగలబడుతున్నప్పుడు వీధిలో వాళ్లంతా బిందెలు పట్టుకుని వస్తారు. దాన్ని చూపించి మామూలు రోజుల్లో మనుషులను కొలుస్తావా?” అన్నారు. ప్రభుత్వం వెనకాల ఉంది, అడ్డుపడే ప్రమోటరు జైల్లో ఉన్నాడు, ఆ రోజులు వేరు అన్నారు. సగం ఒప్పుకుంటాను. నెలకోసారి బీరువాలు తెరిపించే డైరెక్టర్లుంటే ఏ కంపెనీ నడవదు. ఏడాదికి ఒక్క బీరువా, అదీ ఏదో ముందుగా చెప్పకుండా, తెరిపించడం మాత్రం ఎవరికీ భారం కాదు.

రాత్రి పదకొండు గంటల కాగితాలు

సత్యం తర్వాత చట్టం చాలా మారింది. 2013 కంపెనీల చట్టం, లిస్టెడ్ కంపెనీల (షేర్లు మార్కెట్లో అమ్ముడయ్యేవాటి) బోర్డులో మూడో వంతు ఇండిపెండెంట్ డైరెక్టర్లు ఉండాలంది. ఛైర్మన్ ప్రమోటరో ఆయన బంధువో అయితే సగం ఉండాలని మన షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ అంటుంది. అయిదేసి ఏళ్లు రెండు దఫాలకు మించకూడదు, స్టాక్ ఆప్షన్లు ఇవ్వకూడదు, ఏడాదికోసారైనా యాజమాన్యం లేకుండా వాళ్లు మాత్రమే కూర్చుని మాట్లాడుకోవాలి. 2019 డిసెంబరు నుంచి ఇండిపెండెంట్ డైరెక్టర్ల డేటా బ్యాంకులో పేరు నమోదు, ఆన్‌లైన్ పరీక్ష. అన్నీ అవసరమైనవే. కానీ ఇందులో ఎక్కువ భాగం మనిషిని పరీక్షించడమే: ఎవరు, ఎవరికి చుట్టం, ఎన్నేళ్లు ఉన్నారు, ఎన్ని మార్కులొచ్చాయి. కాగితం సంగతి వచ్చేసరికి పట్టు సడలుతుంది.

ఎజెండా ఏడు రోజుల ముందు పంపాలి. అయితే షేరు ధరను కదిలించే, ఇంకా బయటపెట్టని సమాచారం ఉన్న అంశాలను డైరెక్టర్ల సమ్మతి ఉంటే ఆలస్యంగా ఇవ్వొచ్చు. లీకులు జరక్కుండా పెట్టిన వెసులుబాటు, ఉద్దేశం మంచిదే. దానివల్ల జరిగేదేమంటే త్రైమాసిక ఫలితాలు, కంపెనీల కొనుగోళ్లు, పెద్ద అప్పులు, అంటే డబ్బు విషయంలో అన్నిటికన్నా ముఖ్యమైనవి, అన్నిటికన్నా ఆలస్యంగా వెళ్తాయి. రాత్రి పదకొండింటికి 280 పేజీల పుస్తకాన్ని డైరెక్టర్ల ట్యాబ్‌లలోకి ఎక్కించింది నేనే, ఎన్నోసార్లు. తెల్లారి పదకొండుకు మీటింగు, ఒంటిగంటకు భోజనం, నాలుగింటికి శంషాబాద్‌లో ఫ్లైటు. ఎవరు ఎప్పుడు తెరిచారో ఆ సాఫ్ట్‌వేర్ చూపిస్తుంది. ఒక మీటింగుకి ఆరుగురిలో ఇద్దరే తెరిచారు. ఒకరు చూసింది నాలుగు నిమిషాలు. మర్నాడు ఆ పుస్తకంలోని అప్పు తీర్మానం ఇరవై నిమిషాల్లో పాసైంది. ఆ నలుగురూ బద్ధకస్తులని నేననను. ఒకరు వేరే ఊళ్లో మరో బోర్డు మీటింగు ముగించుకుని అర్ధరాత్రి దిగారు, ఒకాయనకు డెబ్బై రెండేళ్లు. ఆ గంటకు పంపితే చదవరని పంపిన మాకు తెలుసు.

అమెరికాలో సంజయ్ భగత్, బెర్నార్డ్ బ్లాక్ అనే ఇద్దరు 2002లో ప్రచురించిన అధ్యయనంలో, బోర్డులో ఇండిపెండెంట్ డైరెక్టర్ల వాటా పెరిగినంత మాత్రాన కంపెనీ పనితీరు మెరుగుపడినట్టు కనిపించలేదు. ఈ పదవే దండగ అనేవాళ్లకు ఇది ఇష్టమైన ఆధారం. నన్నూ కొన్నాళ్లు కుంగదీసింది. తర్వాత 2010లో మరో ముగ్గురు పరిశోధకుల పని చదివాక విషయం తెరిపిన పడింది. కంపెనీ గురించి బయటివాళ్లు సమాచారం తెలుసుకోవడం తేలికైన చోట బయటి డైరెక్టర్లు పెరిగితే పనితీరు మెరుగుపడింది. తెలుసుకోవడం కష్టమైన చోట వాళ్లు పెరిగేకొద్దీ దిగజారింది. రెండూ కలిపి చూస్తే సగటున ఏమీ లేనట్టు కనిపించడంలో ఆశ్చర్యం లేదు. నాచారం రోడ్డు దాటితే అద్దె తెలిసిపోతుంది కాబట్టి ఆ బ్యాంకు అధికారి పని చెయ్యగలిగారు. ఆ గోడౌను ఏ విదేశీ అనుబంధ సంస్థ పుస్తకాల్లోనో ఉండుంటే ఆయనకూ చేతకాకపోయేది.

బాధ్యత బిగిస్తే దారికొస్తారు అనే వాళ్లున్నారు. ప్రతి కుంభకోణం తర్వాతా ఈ మాట వినిపిస్తుంది. నాకిది నచ్చదు. సత్యం బయటపడిన రోజుల్లోనే, హైదరాబాదు ఫైనాన్స్ కంపెనీ ఒకదానిలో ఏళ్ల కిందట డైరెక్టరుగా ఉండి తప్పుకున్న ముంబయి ప్రముఖుడొకాయన డిపాజిటర్ల కేసులో అరెస్టు భయంతో నెలల తరబడి విదేశంలో ఉండిపోవాల్సి వచ్చింది. అది చూసి చాలామంది మంచివాళ్లు ఈ పదవులకు దండం పెట్టేశారు. తెలిసి చేసినదానికీ, బోర్డు ద్వారా తెలిసీ ఒప్పుకున్నదానికీ, శ్రద్ధ చూపనిదానికీ మాత్రమే ఇండిపెండెంట్ డైరెక్టరు బాధ్యుడని ఇప్పటి చట్టం గీత గీసింది. అది సరైన గీత. నిజం చెప్పాలంటే భయపడ్డ డైరెక్టరు ప్రశ్నలు అడగడు. న్యాయ సలహా కాగితం ఒకటి తెప్పించుకుని ఫైల్లో పెట్టుకుంటాడు.

పిలిచిన వాళ్లే పంపించగలిగితే

కుర్చీ సంగతి ఇంకా మిగిలింది. 2016 డిసెంబరులో, టాటా గ్రూపు ఛైర్మన్ పదవి నుంచి సైరస్ మిస్త్రీని తీసేసిన వివాదం నడుస్తుండగా, మిస్త్రీ వైపు మాట్లాడిన ఇండిపెండెంట్ డైరెక్టరు నస్లీ వాడియాను టాటా స్టీల్, టాటా మోటార్స్, టాటా కెమికల్స్ బోర్డుల నుంచి వాటాదార్ల ఓటుతో తీసేశారు. న్యాయం ఎవరివైపు ఉందన్నది అలా ఉంచండి. దేశంలో మిగతా ఇండిపెండెంట్ డైరెక్టర్లందరూ ఆ వార్త చదివే ఉంటారు. 2022 జనవరి నుంచి లిస్టెడ్ కంపెనీల్లో వీళ్లను వెయ్యాలన్నా తియ్యాలన్నా ప్రత్యేక తీర్మానం, అంటే పడిన ఓట్లలో నాలుగింట మూడొంతులు, కావాలని సెబీ పెట్టింది; అదే ఏడాది తర్వాత కొంత సడలించింది. మంచి మార్పే. కానీ నా బ్యాంకు అధికారిని ఎవరూ తియ్యలేదు. గడువయ్యాక పేరు పెట్టలేదు, అంతే. పెట్టని పేరుకు ఓటెయ్యడం ఎవరి వల్లా కాదు.

చట్టంలో 151వ సెక్షను ఒకటుంది. లిస్టెడ్ కంపెనీలో చిన్న వాటాదార్లు ఎన్నుకునే డైరెక్టరు ఒకరు ఉండొచ్చని అది చెబుతుంది. ముఖవిలువ ప్రకారం ఇరవై వేల రూపాయలకు మించని షేర్లున్న ప్రతివాళ్లూ చిన్న వాటాదార్లే. వెయ్యి మంది, లేదా చిన్న వాటాదార్లలో పదోవంతు, ఏది తక్కువైతే అంతమంది నోటీసు ఇవ్వొచ్చు. పదిహేడేళ్లలో నేను పనిచేసిన ఏ కంపెనీలోనూ ఆ నోటీసు రాలేదు. తణుకులో ఒకరు, తార్నాకలో ఒకరు, టెక్సాస్‌లో ఒకరు ఉన్న వెయ్యి మంది ఒకరికొకరు ఎలా దొరుకుతారు? ఉండొచ్చు అన్న మాటను, పెద్ద లిస్టెడ్ కంపెనీల వరకైనా, ఉండాలి అని మార్చాలని నా కోరిక. ఆడిట్ కమిటీలో ఒక కుర్చీ ఆ మనిషికి ఇవ్వాలి. బ్యాంకు నిర్ధారణ ఉత్తరాలు, లోపలి ఆడిట్ నివేదికలు యాజమాన్యం చెయ్యి పడకుండా ముందు ఆ కమిటీ చేతికి వెళ్లాలి. లోపలి ఆడిటరు జీతం పెంపు కూడా ఆ కమిటీయే తేల్చాలి.

ఇందులో నాకు అనుమానాలు లేకపోలేదు. వెయ్యి సంతకాలు కూడగట్టగలిగేది చిన్న వాటాదార్ల కన్నా పోటీ కంపెనీయో, షేరు ధరతో ఆటాడుకునే వాళ్లో కావొచ్చు. ఇంకో అనుమానం మరీ గట్టిది. బల్ల దగ్గర తమవాడు కాని మనిషి ఒకడు చేరితే అసలు మాటలు బల్ల దగ్గర్నించి వెళ్లిపోతాయి. ముందు రోజు రాత్రి డిన్నరులో నలుగురూ అన్నీ తేల్చుకుని, పొద్దున మీటింగులో తలలూపడం నేను చూశాను, అలాంటి మనిషి లేనప్పుడు కూడా. అయినా, ఆ మనిషి అడిగిన ప్రశ్న మినిట్స్‌లో పడుతుంది. పడిన ప్రశ్నను పదేళ్ల తర్వాతైనా ఎవరో ఒకరు తెరిచి చూస్తారు. డిసెంబరు 16 సందేహాలు మనకు తెలిసింది అలాగే.

ఇవన్నీ మొన్న రాత్రి బాబాయ్‌కి ఫోన్లో చెప్పాను. వార్షిక నివేదికలో ఆ డైరెక్టరు పేరున్న పేజీలు ఎక్కడున్నాయో చెప్పి చూడమన్నాను. హాజరు పట్టిక చదివాడు. “అన్ని మీటింగులకూ వచ్చాడమ్మా. మంచివాడే.”

“వచ్చారు బాబాయ్. ఏమడిగారో అందులో ఉండదు. బోర్డు మినిట్స్ వాటాదార్లకు చూపించరు.”

“మరి నేనెలా తేల్చుకోవాలి?”

ఏజీఎం, అంటే వాటాదార్ల వార్షిక సమావేశం, వీడియోలో జరుగుతుందని, మాట్లాడాలంటే ముందుగా మెయిల్ పంపి పేరు నమోదు చేసుకోవాలని, రెండు మూడు నిమిషాలు ఇస్తారని చెప్పాను. మీటింగు ముందు రోజు సాయంత్రం దాకా ఆన్‌లైన్‌లో ఓటు వేయొచ్చు, వేయనివాళ్లు మీటింగు జరుగుతుండగా వేయొచ్చు అని కూడా చెప్పాను. ఫోను పక్కన పెట్టి మనవడికి ఏదో పురమాయించాడు. నిన్న పొద్దున మళ్లీ చేసి, కాగితం మీద రాసుకున్నది చదివి వినిపించాడు.

“గడచిన అయిదేళ్లలో, ఆడిట్ కమిటీ ఛైర్మన్ హోదాలో, కంపెనీ వారు తమ ముందుంచిన ప్రతిపాదనలలో తాము వాయిదా వేసినవి ఎన్ని, తిప్పి పంపినవి ఎన్ని, తెలుపగలరు.” ఎంబుక్కు భాష. “ఇది అడగొచ్చా? ఆయన నొచ్చుకోడు కదా?”

“అడగొచ్చు బాబాయ్.”

“అయితే ముందు రోజు వెయ్యను. ఆయనేం చెబుతాడో విన్నాకే వేస్తాను” అన్నాడు. పేరు నమోదైనట్టు మెయిల్ వచ్చింది. మీటింగు వచ్చే గురువారం, పొద్దున పదకొండింటికి.